తడవని చొక్కా

కంచరపాలెంలో రైలు పట్టాల పక్క సందులో ఆ మనిషి గదికి తాళం వేసి ఉంది. నేను బుట్ట దించి, అలవాటుగా "సేపలు" అని కేకేశాను. ఆ కేకకి మైదా జిగురు అంటిన చేత్తోనే సత్తు గిన్నె పట్టుకుని బయటికి వచ్చేవాడు. రాలేదు. ఎదురింటావిడ వాకిట్లో నీళ్ళు చల్లుతూ నా వైపు చూసింది.

"ఇంకెవులికే సేపలు? ఆయన మొన్న అమాస ముందే పోనాడు."

"ఏటయ్యింది?"

"ఏటవుద్ది? తొంగున్నోడు తొంగున్నట్టే పోనాడు. పొద్దున సూసీసరికి పేణం నేదు."

నాకు ఏడుపు రాలేదు. ముందు వచ్చింది అనుమానమే. నిజంగా పోయాడా, ఇది కూడా ఆ మనిషి ట్రిక్కేనా అని తాళం పట్టుకుని లాగి చూశాను. తాళం నిజమైనదే.

నాకు చదువు సంతకం వరకే. నేను చెబుతుంటే మా పక్కింటి అమ్మాయి రాస్తోంది. నా మాటని సరిచేసి రాస్తానంది. సరే అన్నాను. మనుషులు అన్న మాటలు మాత్రం అన్నట్టే ఉంచమన్నాను.

ఆ మనిషి మొదటిసారి మా జాలరిపేటకి వచ్చిన రోజున నేను ఇంట్లో లేను, చేపలమ్మడానికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి గోడకున్న మేకు ఖాళీగా ఉంది. దాని కింద ముక్కాలి పీట మీద కొత్త స్టీలు గ్లాసు ఒకటి మెరుస్తోంది.

"సొక్కా ఏదత్తా?" అన్నాను.

"పాత బట్టలకి స్టీలు సామాన్లిచ్చినోడు వొచ్చినాడు. ఇచ్చీసినాను," అంది మా అత్త. "పిల్ల రోజూ దాన్ని వాసన సూత్తంది. నాను సూడనేకపోతన్నాను."

అది మా ఇంటాయన చొక్కా. అంతకుముందు వానాకాలంలో ఆయన ఎక్కిన తెప్ప తిరిగి రాలేదు. దుంగలు భీమిలి వైపు ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. మనిషి రాలేదు. మా ఇళ్ళలో మనిషి దొరక్కపోతే అతని బట్ట ఒకటి సముద్రానికి ఇస్తారు, ఆ తర్వాతే ఆడదాని గాజులు తీస్తారు. ఆయన వేటకి గోచీతోనే పోయేవాడు. పెళ్ళిళ్ళకీ పండగలకీ ఉన్న చొక్కా అదొక్కటే. ముదురు నీలం రంగు. అమ్మవారి పండగలో ఘటం మోసినప్పుడు భుజం దగ్గర పిగిలితే, నన్ను ముట్టుకోనివ్వకుండా తనే తెల్ల వలదారంతో కుట్టుకున్నాడు. వల బాగుచేసినట్టే ముడి మీద ముడి వేసి కుట్టాడు. పేటలో ఎవరిని అడిగినా ఆ చొక్కా గుర్తుపడతారు. పెద్దలు దాన్ని సముద్రానికి ఇవ్వడానికి రోజు చూస్తున్నారు. ఈలోగా ఎవడో గ్లాసిచ్చి పట్టుకుపోయాడు.

నాకు నిద్ర పట్టలేదు. సముద్రంలో పోయిన మనిషి చొక్కా, ముక్కూ మొహం తెలియని వాడికెందుకు? చిల్లంగి, చేతబడి చేయించేవాళ్ళు ఇలాంటివే వెతుక్కుంటారని చిన్నప్పటినుంచీ విన్నాను. స్టీలు సామాన్ల వాడైతే నాలుగిళ్ళు తిరగాలి కదా. పేటంతా అడిగాను. అతను నాలుగిళ్ళు తిరిగిన మాట నిజమే, కానీ ఎవరింట్లోనూ చీరలడగలేదు, పంచెలడగలేదు. జాలరి మగవాళ్ళు తొడిగిన చొక్కా ఉందా అని మాత్రమే అడిగాడట. అప్పుడు నాకు అనుమానం గట్టిపడింది.

రెండు మూడు రోజులకి, పేట దాటాక ఒడ్డున ఎవరో సినిమా తీస్తున్నారని పిల్లలు పరిగెత్తారు. నేనూ వెళ్ళాను. సినిమా అంటే ఏదో అనుకున్నాను. ఒక పాత వ్యాను, మూడు కాళ్ళ మీద నిలబెట్టిన కెమెరా, నలుగురు మనుషులు. ఇసకలో బంగారు కాగితం అంటించిన అట్ట చేప పడి ఉంది. దాని పక్కన సిగరెట్టు పెట్టెల్లో వచ్చే వెండి కాగితంతో చేసిన కిరీటం పెట్టుకుని ఒక చిన్నపిల్ల ఇడ్లీ తింటోంది. ఆ పిల్లది మద్దిలపాలెం అట. ఉక్కు ఫ్యాక్టరీకి నేల చదును చేసే కాంట్రాక్టరు ఒకడు డబ్బు పెడుతున్నాడట. మిగతా పనంతా ఒక్కడిదే. కథ ఆ మనిషిదే, వెనక కట్టే తెరల మీద బొమ్మలు వేసింది ఆ మనిషే, అట్ట చేపకి జిగురు పూస్తున్నదీ ఆ మనిషే.

బక్కగా, వంగిన భుజాలతో ఉన్నాడు. చేతుల నిండా వెండి కాగితం తునకలు అంటుకుని ఎండలో మెరుస్తున్నాయి. అతని వెనక వ్యానులో తెల్ల కుట్టున్న నీలం చొక్కా కనబడింది.

"బాబూ, మా సొక్కా ఏదీ?" అన్నాను.

"ఏ సొక్కా అప్పా?"

"నాను నీకు అప్పనో అక్కనో ఎప్పుడయ్యాను? స్టీలు గలాసిచ్చి మా అత్తకాడ పట్టుకెల్లిపోనావు కదా, ఆ సొక్కా."

"ఓ, అదా." బుర్ర గోక్కున్నాడు. వెండి తునకలు జుట్టుకి అంటుకున్నాయి. "అది సినిమాలోకెక్కిపోనాది. ఒకపాలి ఎక్కిన బట్ట మజ్జిలో దించకూడదప్పా. తండ్రి ఏ సొక్కాతో ఎల్లినాడో ఆ సొక్కాతోనే రావాల."

"ఎవుల తండ్రి?"

"అదిగో, ఆ గుంట తండ్రి," అని ఇడ్లీ తింటున్న పిల్లని చూపించాడు.

"ఎక్కడికెల్లినాడు?"

"సముద్రంలోకి."

అప్పుడు చెప్పాను. "ఆ సొక్కా మనిసి కూడా సముద్రంలోకే ఎల్లినాడు. మరి రానేదు."

జిగురు బ్రష్షు చేతిలోనే ఉండిపోయింది. నా చేతి గాజుల వైపు చూశాడు, తర్వాత నీళ్ళ వైపు చూశాడు. "నాకు తెలదప్పా," అన్నాడు. "తెలిత్తే అడక్కపోదును. పట్టుకెల్లిపోతావా?"

అప్పుడు పట్టుకెళ్ళిపోవచ్చు. వ్యానులో మడతపెట్టి ఉంది, నాకు కనబడుతూనే ఉంది. కానీ అది ఇంటికొస్తే పెద్దలు రోజు ఖాయం చేస్తారు. "నీ సినిమా అయ్యాక ఇచ్చీ," అని వచ్చేశాను. చొక్కా సినిమాలో ఉన్నన్నాళ్ళూ గాజులు నా చేతికే ఉంటాయి. ఆ సంగతి అతనికి చెప్పలేదు. పేటలో కూడా ఎవరికీ చెప్పలేదు.

వెళుతుంటే వెనక నుంచి కేకేశాడు. "సినిమా వొచ్చినప్పుడు సూడప్పా. మరీ నిలేసి సూడకు. కళ్ళు సగం మూసుకుని సూడు, అట్ట కూడా బంగారంలాగే ఉంటాది."

ఆ మాట అతను అందరితోనూ అనేవాడని తర్వాత తెలిసింది. టీ కొట్టు దగ్గర సిగరెట్టు పెట్టెల్లోంచి వెండి కాగితం ఏరుకుంటూ అనేవాడు. కొట్ల మీద బోర్డు రాసి, ఎలా ఉందని అడిగే ముందు అనేవాడు. కళ్ళు సగం మూసుకోమనే మనిషిని ఎలా నమ్మను? మా బేరంలో చేప మొప్ప కూడా ఎత్తి చూడకుండా కొనమన్నట్టు ఉంటుంది అది.

సినిమా పాత టౌనులో ఒక హాలుకి వచ్చింది. పేటలో సగం మంది వెళ్ళాం, మా ఒడ్డు కనబడుతుందని. నా కూతురు నూకాలుకి అప్పుడు తొమ్మిదేళ్ళుంటాయేమో. నా పక్కనే నేల మీద కూర్చుంది.

హాల్లో ఆ మనిషి ఎక్కడున్నాడో చూసి నాకు ఒళ్ళు మండింది. తెర కింద, తెరకి వీపు పెట్టి, మా వైపు తిరిగి కూర్చున్నాడు. సినిమా చూడడం లేదు, మమ్మల్ని చూస్తున్నాడు. చీకట్లో ఆడవాళ్ళ మొహాలు చూసే వాడు ఎలాంటివాడు? కొంగు నిండా కప్పుకుని కూర్చున్నాను.

సినిమా సంగతి చెప్పాలంటే, దానికి అన్నీ లోపాలే. బంగారు చేపకి కట్టిన దారం కనబడుతోంది. రాజుగారి కోటలో ఉన్న తామరపూల తెర రాక్షసుడి గుహలో తలకిందులుగా వేలాడుతోంది. రాక్షసుడి కాళ్ళకి హవాయి చెప్పులు. సముద్ర దేవత చెయ్యెత్తి దీవిస్తే చేతికి వాచీ ఉంది. మా వాళ్ళు విరగబడి నవ్వారు. "అమ్మోరికి టైమెంతయ్యిందో అడగండ్రా," అని ఎవడో అరిచాడు. హాలంతా ఈలలు.

అంత నవ్వినవాళ్ళూ ఆ అట్ట చేప నోరు తెరిచి "అమ్మా, నన్ను సముద్రంలో వదిలెయ్యి, మీ నాన్నని తెస్తాను" అనగానే నోళ్ళు మూశారు. దారం కనబడుతూనే ఉంది. అయినా మూశారు. ఎందుకో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. లక్షలు పోసి తీసిన సినిమాలు తర్వాత చాలా చూశాను, వాటిలో దారాలు కనబడవు. చూసి ఇంటికొచ్చి అన్నం తినేసరికి మరిచిపోతాను. దీంట్లో తప్పులన్నీ బయటే ఉన్నాయి కాబట్టి, వాటిని మనమే కప్పాలి. కప్పేసరికి అది మన సొంతమైపోతుంది. ఆ మనిషి దగ్గర డబ్బు లేక అలా తీశాడో, తెలిసే తీశాడో చెప్పలేను.

ఆఖర్న ఆ కిరీటం పిల్ల ఆకు దొన్నెలో దీపం పెట్టుకుని నడుం లోతు నీళ్ళలోకి దిగుతుంది. "నాన్నా" అని పిలుస్తుంది. దూరంగా నీళ్ళలోంచి ఒక తల లేస్తుంది. భుజాలు లేస్తాయి. తలకి తువ్వాలు చుట్టుకుని, మొహం పక్కకి తిప్పుకుని, ఒక మనిషి ఒడ్డుకి నడిచి వస్తాడు. ఒంటి మీద చొక్కాకి చుక్క తడి ఉండదు. ఇసక మీద నిలబడేసరికి ఎండలో ఆరేసి తీసినట్టు పొడిగా ఉంటుంది. భుజం మీద తెల్ల వలదారం, ముడి మీద ముడి.

"నాన్న," అంది నూకాలు. అరవలేదు, మెల్లగానే అంది.

హాలంతా చప్పట్లు కొట్టింది. మా పేటవాళ్ళం కొట్టలేదు. నూకాలు చూసింది చొక్కాని. మేం చూసింది నీళ్ళని. నురుగు ఇసక మీంచి కూడుకుని వెనక్కి పోతోంది. వెనక్కి పోయి, పైకి లేచి, కెరటమై నిలబడుతోంది. పుట్టిన దగ్గర్నుంచీ ఆ నీళ్ళ పక్కనే బతుకుతున్నాం, సముద్రం అలా చెయ్యడం ఎన్నడూ చూడలేదు. నా వెనక ఒక ముసలాయన, "ఇదేదో సేసినార్రా. సముద్రం ఇలగుండదు," అన్నాడు. ముసలమ్మలు చెంపలు వేసుకున్నారు. మా ఆయన చొక్కా పట్టుకెళ్ళి ఈ మనిషి అమ్మవారితో ఏం చేయించాడు?

తెర కింద కూర్చున్న అతను నూకాలునే చూస్తున్నాడు.

ఆ తర్వాత నూకాలు ఆ సినిమాకే వెళతానని ఏడ్చింది. తీసుకెళ్ళాను. మళ్ళీ ఏడ్చింది, మళ్ళీ తీసుకెళ్ళాను. పిల్ల కోసమే వెళ్ళానని అందరికీ చెప్పాను. కెరటం తప్పుగా విరుగుతోందని నాకు తెలుసు. తెలిసినా ఆ తల నీళ్ళలోంచి లేచే వేళకి నా కళ్ళు వాటంతటవే సగం మూసుకునేవి.

ఒక సాయంత్రం చేపలమ్మి వచ్చేసరికి పిల్ల ఇంట్లో లేదు. మా అత్త వల దగ్గర కునికిపాట్లు పడుతోంది. దేవుడి మూల ప్రమిద లేదు. నేను ఒడ్డుకి ఎలా పరిగెత్తానో నాకు తెలియదు. నూకాలు అప్పటికే రొమ్ము లోతు నీళ్ళలో ఉంది. బాదం ఆకు దొన్నె, అందులో ప్రమిద. దీపం ఎప్పుడో ఆరిపోయింది. నోట్లోకి నీళ్ళు పోతుంటే ఉమ్మేసి మళ్ళీ పిలుస్తోంది. పోటు మీద ఉంది సముద్రం. జుట్టు పట్టుకుని ఈడ్చుకొచ్చాను.

"ఒగ్గీయే అమ్మా, వొచ్చేత్తన్నాడు," అని నా చెయ్యి కొరికింది. "సినిమాలో పిల్ల ఇంకా లోపలికెల్లింది. అందుకే వొచ్చినాడు."

ఆ రాత్రి పిల్లని నా నడుముకి చీర చెంగుతో కట్టుకుని పడుకున్నాను. ఇలా ఎన్నాళ్ళు కట్టుకోను? బేరానికి వెళ్ళకపోతే తిండి లేదు. వెళితే పిల్ల ఉండదు.

పొద్దున్నే పిల్లని మా తోడికోడలికి అప్పగించి కంచరపాలెం వెళ్ళాను. అడుగుతూ అడుగుతూ గది పట్టుకున్నాను. స్టవ్వు మీద మైదా జిగురు ఉడుకుతోంది. గోడకి ఆ తామరపూల తెర, దాని మీద మేకుకి మా చొక్కా. ఇంట్లో మేకుకి ఎలా ఉండేదో అలాగే వేలాడుతోంది.

"నీ సినిమా సూసి నా పిల్ల సముద్రంలోకి దిగిపోనాది," అన్నాను. "కూసింత ఆలీసమైతే నాకు దక్కకపోను. ఆ ముక్క తీసీ."

అతను గరిటె తిప్పడం ఆపలేదు. "అది తీసీత్తే సినిమా ఏటుంటాదప్పా? అంతా దానికోసమే కదా."

"నా పిల్ల ఉంటాది."

గరిటె ఆగింది.

"పోనీ ఎలగ తీసినావో అదన్నా సెప్పు. పిల్లకి సెప్పుకుంటాను."

"అదడక్కప్పా. సెప్పీత్తే మరింకెవులూ సూడరు. నా బతుకే అది."

"కెరటం ఎనక్కెల్లింది. నాను సూసినాను. పేటంతా సూసింది. నువ్వు అమ్మోరితో ఏటి సేయించినావో సెప్పు. నేదంటే పెద్దలకి సెప్తాను."

అతను నవ్వాడు. నా మొహం చూసి నవ్వు ఆపాడు. జిగురు అడుగంటి మాడు వాసన వచ్చింది, అయినా దించలేదు. "జాలరోళ్ళు నీళ్ళు సూత్తారని నాకు తట్టనేదు," అన్నాడు. "అందరూ మనిసిని సూత్తారనుకున్నాను." అంతకంటే ఒక్క మాట చెప్పలేదు. నేను తిట్టి వచ్చేశాను. చొక్కా అడగడం ఆ రోజూ మరిచిపోయాను. మరిచిపోయాననే అనుకుంటున్నాను.

మర్నాడు ఎండెక్కాక ఆ మనిషే పేటకి వచ్చాడు. చంకలో చొక్కా. నూకాలు దాన్ని చూసి గుంజకి అతుక్కుపోయింది.

"అమ్మీ, మీ నాన్న ఎలగొచ్చినాడో సూపిత్తాను, రా," అన్నాడు.

వలలు ఆరేసుకుంటున్న ఆడవాళ్ళందరూ లేచి వెనకే వచ్చారు. నేను నూకాలు రెక్క గట్టిగా పట్టుకున్నాను. అతను మా అందరి ముందూ తన బనీను మీద మా ఆయన చొక్కా తొడుక్కున్నాడు. వదులైపోయింది. తలకి తువ్వాలు చుట్టుకున్నాడు. పొడి ఇసక మీద మా వైపు మొహం పెట్టి నిలబడ్డాడు.

"సూడమ్మా. నాను ఇక్కడ నిలబడినాను. ఇప్పుడు ఎనక్కి నడుత్తాను. కెమెరా ఇదంతా తీసుకుంటాది. తరవాత ఆ రీలు తిరగేసి ఆడిత్తారు. అప్పుడు ఎనక్కెల్లినోడు ముందుకొచ్చినట్టుంటాడు. ఆకర్న ములిగినోడు మొదట లేసినట్టుంటాడు. అంతే. మీ నాన్న కాదు, నాను."

వెనక్కి నడిచాడు. మడమలు నీళ్ళకి తగలగానే భుజాలు బిగుసుకున్నాయి. మోకాళ్ళు మునిగాయి. సముద్రానికి వీపు పెట్టి నిలబడే వాణ్ణి మా పేటలో ఏడాది పిల్లాడు కూడా వింతగా చూస్తాడు. "ఓరి ఎర్రిబాబూ, ఎనక సూసుకో," అని ఎవరో నవ్వారు. నవ్వు పూర్తవక ముందే కెరటం వీపు మీద కొట్టింది. మనిషి లేడు. తువ్వాలు ఒక్కటే తేలింది.

నా చేతిలోంచి నూకాలు ఎప్పుడు జారిందో తెలియదు. నీళ్ళలో పుట్టినట్టే పోయి భుజం దగ్గర చొక్కా పట్టుకుంది. వెనకే నేనూ వెళ్ళాను. ఇద్దరం కలిసి ఇసక మీదికి లాక్కొచ్చాం. అతను చాలాసేపు దగ్గాడు. ముక్కుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఈత రాదేటి నీకు?" అన్నాను.

"రాదప్పా."

"మరి సినిమాలో?"

"ఈతగాడొత్తానని రానేదు. నానే దిగినాను. నడుంకి తాడు కట్టుకున్నాను. సొక్కా కింద కనబడ్నేదు."

"ఇయ్యాల తాడేదీ?"

"తాడుంటే పిల్ల నమ్మదు."

నూకాలు అతని మొహం చూడలేదు. భుజం మీది కుట్టునే చూస్తోంది. వేలితో నొక్కింది. ముడుల్లోంచి నీళ్ళు కారాయి.

"తడిసిపోనాది," అంది.

"తడుత్తాదమ్మా," అన్నాడు ఆ మనిషి. "సముద్రంలోకి ఎల్లినోడు ఎవుడైనా తడుత్తాడు. పొడిగా ఎవుడూ రాడు. అది సినిమా."

తెప్ప దుంగలు కొట్టుకొచ్చిన రోజునుంచీ నూకాలు ఏడవలేదు. అప్పుడు ఏడ్చింది, ఇసకలో బోర్లా పడుకుని. మా ఆడవాళ్ళెవరూ ఊరుకోమనలేదు. అతను చొక్కా విప్పి, నీళ్ళు పిండి, మడతపెట్టి నా చేతిలో పెట్టాడు. అది ఎంత బరువెక్కిందో.

ఆ వారంలోనే పెద్దలు చొక్కాని సముద్రానికి ఇచ్చారు. నా గాజులు తీశారు. నూకాలు నా పక్కనే కూర్చుంది, ఎక్కడికీ పరిగెత్తలేదు. దూరంగా పడవల చాటున ఆ మనిషి నిలబడి ఉన్నాడు. దగ్గరికి రాలేదు. ఇది కూడా ఏ సినిమాకో చూసుకుంటున్నాడేమోనని నాకు అనుమానం వచ్చింది. అంత ఏడుపులోనూ వచ్చింది.

తర్వాత సంగతి హాల్లో ఆపరేటరుగా పనిచేసే పాత టౌను సాయిబు చెప్పాడు. ఆయనకి నేను చేపలిచ్చేదాన్ని.

"మీ సినిమా ఆయన పైకొచ్చి కత్తెర అడిగినాడమ్మా. ఆఖరి ముక్క తనే కోసి జేబులో ఏసుకున్నాడు. వద్దు సాబ్, జనం ఊరుకోరు అన్నాను. పేటలో ఇంకా పిల్లలున్నారు భాయ్ అన్నాడు, అంతే."

జనం నిజంగానే ఊరుకోలేదు. పిల్ల నీళ్ళలో నిలబడి పిలుస్తుంది, ఎవరూ రారు, బొమ్మ అయిపోతుంది. "తండ్రేడ్రా" అని కుర్చీలు విరగ్గొట్టారు. చిన్నపిల్లలు ఏడుస్తూ బయటికొచ్చారు. నాలుగు ఆటలు తిరక్కుండానే సినిమా ఎత్తేశారు. కాంట్రాక్టరు మనుషులు కంచరపాలెం వచ్చి అట్ట చేపనీ కిరీటాలనీ రైలు పట్టాల మీద పారేశారట. ఆ మనిషి మరో సినిమా తియ్యలేదు. కొట్లకి బోర్డులు రాసుకుంటూ, నాటకాల వాళ్ళకి తెరలు వేసుకుంటూ ఉండిపోయాడు.

ఎందుకు కోశాడు? నేను తీసెయ్యమన్నందుకా, పెద్దలకి చెబుతానన్నందుకా, పాపభయానికా? అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చెబుతాడు, అది నిజమో కాదో నాకు తెలియదు. అందుకని ఆ సందులో చేపల బేరం పెట్టుకున్నాను. అలా అయితే రోజూ మొహం చూడొచ్చు, ఏదో ఒక రోజు బయటపడకపోతాడా అని.

ఏళ్ళు గడిచాయి. ఎప్పుడూ చిన్న చేపలు, నెత్తళ్ళే కొనేవాడు. బేరం ఆడేవాడు కాదు. గిన్నెలో పోయించుకుని, "పిల్ల బాగుందా అప్పా?" అనేవాడు. "బాగుంది" అనేదాన్ని. అంతకంటే ఒక మాట ఎక్కువ ఇవ్వలేదు. నూకాలు పెళ్ళి కుదిరినప్పుడు మాత్రం చెప్పాను.

"ఎవులికిత్తన్నావప్పా?"

"పోర్టులో కళాసీకి."

"పడవెక్కి ఎల్లడు కదా?"

"ఎల్లడు. ఒడ్డు మీదే పని."

"మంచిది," అన్నాడు. ఆ రోజు ఇంకో దోసెడు నెత్తళ్ళు ఎక్కువ పోయించుకున్నాడు. ఒంటి మనిషి, ఎవరికి వండుతాడో. ఇందులో ఏముందని ఆ పూటంతా ఆలోచించాను. ఏమీ దొరకలేదు.

తాళం చూసి వచ్చిన రోజు సాయంత్రం బుట్టతోనే మద్దిలపాలెం వెళ్ళాను. బస్సు డిపో వెనక నూకాలు కాపురం. కూతురికి అన్నం తినిపిస్తోంది. దానికి నాలుగో ఏడు.

"సినిమా ఆయన పోనాడే," అన్నాను.

నూకాలు చెయ్యి కంచంలో ఆగింది. "ఎప్పుడూ?" అంది. చెప్పాను. పిల్ల ముద్ద మింగి, తర్వాతి ముద్ద కోసం నోరు తెరవకుండా, "సేప కత సెప్పు," అని మారాం మొదలుపెట్టింది. నూకాలు రోజూ ఆ కథ చెప్పే అన్నం తినిపిస్తుందని నాకు అప్పుడే తెలిసింది. బంగారు చేప, రాక్షసుడు, రాక్షసుడి హవాయి చెప్పులు. చెప్పుల దగ్గర పిల్ల పకపకా నవ్వింది. దేవత వాచీ దగ్గర మళ్ళీ నవ్వింది. తర్వాత కిరీటం పిల్ల దీపం పట్టుకుని ఒడ్డుకి వచ్చింది. అక్కడ నూకాలు ఆగిపోయింది.

"తరవాతేటయ్యింది?" అంది పిల్ల. "నాన్న వొచ్చినాడా?"

నూకాలు ముద్ద చేతిలో పట్టుకుని నా వైపు చూసింది.

"ఆ గుంట నీళ్ళలోకి దిగనేదు," అన్నాను నేను. "ఇసకలోనే నిలబడి పిలిసింది. నీళ్ళు దాని కాలికి కూడా తగల్నేదు. తెలిసిందా?"

"తెలిసింది. అప్పుడూ?"

"అప్పుడొచ్చినాడు."

"తడిసిపోనాడా అమ్మమ్మా?"

నేను కళ్ళు సగం మూసుకున్నాను.

"నేదమ్మా. సొక్కా మీద సుక్క తడి నేదు."